హైస్కూల్ స్ప్రింగ్ సీజన్: మ్యూజికల్, కచేరీ, మ్యాచ్, ట్రాక్ మీట్‌లకు వెళ్లే తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. "మా అమ్మాయి మ్యూజికల్‌లో ఉంది, టికెట్లు ఎక్కడ కొనాలి?" "ట్రాక్ మీట్ ఎన్నింటికి అయిపోతుంది?" "అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు, తీసుకెళ్తే ఇబ్బంది పడతారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఇది అమెరికా హైస్కూళ్ల గురించి. మ్యూజికల్ అంటే పాటలు, నాట్యాలతో సాగే నాటకం. ట్రాక్ మీట్ అంటే పరుగెత్తే, గెంతే, విసిరే పోటీలన్నీ ఒకేచోట జరిగే రోజు. ఫిబ్రవరి చివర మొదలై మే చివరి వరకు, కొన్నిచోట్ల జూన్ దాకా నడిచే కార్యక్రమాల గురించి. మీ స్కూల్ రాసి పంపిన నిబంధన నేను చెప్పినదానికి తేడాగా ఉంటే స్కూల్ మాటే వినండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది టికెట్ల దగ్గరా పార్కింగ్ దగ్గరా కాదు. ఎక్కడ అరవాలి, ఎక్కడ నోరు కట్టేసుకోవాలి అన్న దగ్గర. బేస్‌బాల్ గ్రౌండ్‌లో మామూలైన కేక టెన్నిస్ కోర్టు దగ్గర తప్పవుతుంది. అందుకే ప్రతి కార్యక్రమానికీ ఆ సంగతి విడిగా చెప్పాను.

## 1. ముందు తేదీలన్నీ ఒకచోటికి తెచ్చుకోండి

సమాచారం ఒక్క చోట దొరకదు. నాటకం తేదీలు డైరెక్టర్ ఈమెయిల్‌లో ఉంటాయి, కచేరీ తేదీలు బ్యాండ్ వాళ్ల పేజీలో, ఆటల షెడ్యూల్ అథ్లెటిక్స్ సైట్‌లో. చివరి నిమిషం మార్పులేమో కోచ్ వాడే గ్రూప్ యాప్‌లో వస్తాయి. ఒక ఆదివారం కూర్చుని అన్నీ మీ ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించుకోండి.

ఎక్కించేటప్పుడు ప్రతి కార్యక్రమానికీ మూడు టైములు విడిగా రాసుకోండి.

- కాల్ టైమ్: పిల్లలు చేరుకోవాల్సిన టైము
- డోర్స్: ప్రేక్షకులను లోపలికి వదిలే టైము
- స్టార్ట్: అసలు మొదలయ్యే టైము

ఏడు గంటల మ్యూజికల్‌కి కాల్ టైమ్ ఐదింటికే ఉండొచ్చు. అది చూసి షో ఐదింటికే అనుకుని ఇంటిల్లిపాదీ తయారై వచ్చి, ఖాళీ లాబీలో రెండు గంటలు గోడలు చూస్తూ కూర్చున్న కుటుంబాలు నాకు తెలుసు. మొదటి ఏడాది మాదీ అందులో ఒకటి.

ఇంకొన్ని చూసుకోవాలి:

- హోమ్, అవే: మన స్కూల్లోనా, ఎదుటివాళ్ల దగ్గరా? అవే అయితే స్కూల్ అడ్రస్ సరిపోదు. గ్రౌండ్ అడ్రస్ వేరే ఉండొచ్చు.
- వర్సిటీ, జేవీ: వర్సిటీ అంటే స్కూల్ ప్రధాన జట్టు, జేవీ అంటే దాని కింది జట్టు. ఒకే రోజు, అదే స్కూల్ మీద, రెండు జట్లు రెండు ఊళ్లలో ఆడుతుంటాయి. మీవాళ్లు ఏ జట్టో చూసుకుని బయల్దేరండి.
- గడియారం మార్పు: మార్చి రెండో ఆదివారం చాలా రాష్ట్రాల్లో గంట ముందుకు జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం షో ఉంటే, చేతి గడియారాన్ని నమ్ముకున్న తాతయ్య గంట ఆలస్యంగా తయారవుతారు.
- ఏపీ పరీక్షలు: మన ఏపీ కాదు, కాలేజీ స్థాయి కోర్సుల ఏపీ. ఇవి మే మొదటి రెండు వారాల్లో ఉంటాయి. కచేరీలూ ప్లేఆఫ్‌లూ సరిగ్గా అప్పుడే వచ్చిపడతాయి.

ఒకే సాయంత్రం బ్యాండ్ కచేరీ, ట్రాక్ మీట్ రెండూ పడితే? తేదీలు తెలిసిన వారంలోనే పిల్లలే వెళ్లి ఇద్దరితోనూ, అంటే డైరెక్టర్‌తోనూ కోచ్‌తోనూ, చెప్పాలి. మీరు ఈమెయిల్ రాయకండి. ముందుగా చెబితే వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఏదో దారి చూస్తారు. ముందురోజు చెబితే ఎవరో ఒకరికి కోపం ఖాయం.

## 2. టికెట్లు కొనడం

### నాటకం, మ్యూజికల్

సాధారణంగా గురువారం నుంచి శనివారం దాకా మూడు, నాలుగు షోలు ఉంటాయి. కొన్నిసార్లు వారాంతంలో మధ్యాహ్నం షో కూడా ఉంటుంది, దాన్నే మ్యాటినీ అంటారు. టికెట్ ధర చాలాచోట్ల 10 నుంచి 20 డాలర్ల మధ్య.

కొనే ముందు పిల్లల్ని రెండు విషయాలు అడగండి.

మొదటిది, "డబుల్ కాస్ట్ ఉందా?" కొన్ని స్కూళ్లలో ఒకే పాత్రను ఇద్దరు చెరో రోజు వేస్తారు. మీ అమ్మాయి లేని రోజుకి పది టికెట్లు కొంటే తల కొట్టేసినట్టవుతుంది.

రెండోది, "స్టేజి మీద ఎటువైపు ఎక్కువ ఉంటావు?" ఇక్కడో మెలిక ఉంది. "స్టేజ్ లెఫ్ట్" అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడి ఎడమ. మనకది కుడి. కాబట్టి పిల్లలు స్టేజ్ లెఫ్ట్ అంటే మీరు కుడివైపు సీట్లు తీసుకోండి. ఇది తెలియక, బృంద నృత్యంలో చివరన ఉన్న మా అమ్మాయి భుజం ఒక్కటే కనిపించేలా కూర్చుని ఒక షో మొత్తం చూశాను.

మొదటి వరసలు మంచివని అనుకోవద్దు. స్టేజి ఎత్తుగా ఉంటే నాట్యం చేసేవాళ్ల పాదాలు కనబడవు. ఆరో వరస నుంచి పన్నెండో వరస దాకా మధ్యలో దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు.

ఒక్క షోకే వెళ్లగలిగితే నా ఓటు రెండో రోజుకి. మొదటి రోజు పిల్లలు టెన్షన్‌లో ఉంటారు. చివరి రోజు సీనియర్లు, అంటే పన్నెండో తరగతి పిల్లలు, ఏడుస్తూ పాడతారు. మీ ఇంట్లో సీనియర్ ఉంటే మాత్రం చివరి రోజుకే వెళ్లండి, రుమాలు మర్చిపోవద్దు.

### ఆటలు

బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్, ట్రాక్ మామూలు సీజన్ పోటీలు చాలా స్కూళ్లలో ఉచితం. చాలా స్కూళ్లను పిలిచి పెట్టే పెద్ద ఇన్విటేషనల్ మీట్‌లకు, ప్లేఆఫ్‌లకు టికెట్ ఉంటుంది. ప్లేఆఫ్‌లు రాష్ట్ర సంఘం చేతిలో ఉంటాయి. టెక్సస్‌లో యూఐఎల్, కాలిఫోర్నియాలో సీఐఎఫ్ అలాంటివి. అందుకే స్కూల్ ఇచ్చిన సీజన్ పాస్ అక్కడ చెల్లకపోవచ్చు.

చాలా గేట్ల దగ్గర నగదు తీసుకోరు. గోఫ్యాన్ లాంటి యాప్‌లో కొనాలి. రెండు జాగ్రత్తలు చెబుతాను. టికెట్ ఇంట్లోనే కొని ఫోన్‌లో తెరిచి చూసుకోండి, గ్రౌండ్ దగ్గర సిగ్నల్ దొరకదు. గేటు దగ్గర మనిషి చూసేదాకా టికెట్ మీద ఏ బటనూ నొక్కకండి. ముందే వాడినట్టు నమోదైతే గేటు దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

## 3. బ్యాగ్ సర్దుకోవడం

చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లలో పారదర్శకమైన బ్యాగ్ తప్పనిసరి. తరచుగా కనిపించే కొలత 12 × 6 × 12 అంగుళాలు, లేదా ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవర్. 4.5 × 6.5 అంగుళాల చిన్న పర్సు వరకు మామూలుది తీసుకెళ్లొచ్చు. మీ భుజానికి వేలాడే పెద్ద హ్యాండ్‌బ్యాగ్ గేటు దగ్గర ఆగిపోతుంది, మీరు కారు దాకా మళ్లీ నడవాలి.

ఆడిటోరియంకి:

- పల్చటి స్వెట్టర్, లోపల ఏసీ గట్టిగా ఉంటుంది
- కళ్లజోడు
- పూలగుత్తి, ప్లాస్టిక్ కవర్ చప్పుడు చేయనిదైతే మేలు
- చిన్న నోట్లు, ఇంటర్మిషన్‌లో నీళ్లకీ కుకీలకీ

గ్రౌండ్‌కి:

- సీటు మీద వేసుకునే దిండు. అల్యూమినియం బ్లీచర్లు, అంటే ప్రేక్షకులు కూర్చునే మెట్ల బల్లలు, మార్చిలో మంచుగడ్డలా ఉంటాయి, మేలో పెనంలా కాలుతాయి
- దుప్పటి, ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టలు. నాలుగింటికి ఎండ, ఏడింటికి వణుకు
- టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లు
- పవర్ బ్యాంక్
- వానకోటు. గొడుగు వద్దు, వెనకవాళ్లకి అడ్డం
- మడత కుర్చీ, అనుమతి ఉంటేనే. ట్రాక్ మీదా, కృత్రిమ గడ్డి మీదా వేయనివ్వరు

ఇంట్లోనే వదిలేయాల్సినవి: కుక్కపిల్ల, డ్రోన్, ఎయిర్ హార్న్, సిగరెట్లు, మద్యం. చివరి రెండూ స్కూల్ ఆవరణలో ఎక్కడా కుదరవు, పార్కింగ్‌తో సహా.

తిండి విషయానికొస్తే, ఆడిటోరియంలోకి ఏమీ తీసుకెళ్లకండి. గ్రౌండ్ దగ్గర చాలాచోట్ల ఒప్పుకుంటారు. చేతిలో పట్టుకుని తినగలిగే చపాతీ రోల్ హాయి. పక్క పిల్లలకి పంచేటప్పుడు మాత్రం పల్లీలు, జీడిపప్పు ఉన్నాయేమో చూసుకోండి. ఇక్కడ నట్ అలర్జీ ప్రాణం మీదికి తెచ్చే విషయం.

## 4. నాటకం లేదా మ్యూజికల్ చూడటం

అరగంట ముందు: చేరుకోండి. పార్కింగ్ నుంచి ఆడిటోరియం తలుపు దాకా పది నిమిషాల నడక ఉండే స్కూళ్లున్నాయి.

పదిహేను నిమిషాల ముందు: ప్రోగ్రామ్ పుస్తకం తెరవండి. అందులో సన్నివేశాలు, పాటలు, ఏ పాటలో ఎవరున్నారో ఉంటుంది. మీవాళ్లు ఏ పాటల్లో వస్తారో పెన్నుతో టిక్ పెట్టుకోండి. లైట్లు ఆరాక అది చూడలేరు.

మీ పిల్లలు తెర వెనక పని చేస్తుంటే వాళ్లని చూడటానికీ ఒక సమయముంది. సన్నివేశం మారేటప్పుడు మసక నీలం వెలుతురులో, నల్లబట్టలు వేసుకుని బల్లలూ గోడలూ తోసుకుంటూ వచ్చేవాళ్లని గమనించండి. ఇరవై సెకన్లు ఉంటారు. చప్పుడు కాకుండా బల్లని తెచ్చి, నేల మీద అంటించిన చిన్న టేపు ముక్క మీదకి దాని కాలు సరిగ్గా జరిపి మాయమవుతారు. ఇంటికెళ్లాక "ఆ బల్ల నువ్వే తెచ్చావు కదా?" అని అడిగి చూడండి.

ఐదు నిమిషాల ముందు: ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయండి. వైబ్రేషన్ కూడా వినిపిస్తుంది. స్మార్ట్ వాచ్‌లో థియేటర్ మోడ్ పెట్టండి. చప్పట్లు కొట్టిన ప్రతిసారీ మణికట్టు వెలిగితే వెనక మూడు వరసలకి కనిపిస్తుంది.

వీడియో తీయొద్దు. ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. నాటకం హక్కులున్న సంస్థ దగ్గర స్కూల్ డబ్బు కట్టి లైసెన్స్ తీసుకుంటుంది. ఆ ఒప్పందంలో రికార్డింగ్ నిషేధం మామూలుగా ఉంటుంది. మీరు పెట్టిన యూట్యూబ్ క్లిప్‌కి జవాబు చెప్పుకోవాల్సింది డైరెక్టర్. ఫొటోలు కావాలంటే డ్రెస్ రిహార్సల్ రోజు తీయనిస్తారేమో వారం ముందే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఎప్పుడు నోరు విప్పాలి: నవ్వొస్తే నవ్వండి, పాట అయ్యాక చప్పట్లు కొట్టండి. మీవాళ్లు స్టేజి మీదకి రాగానే పేరు పెట్టి పిలవకండి. వాళ్ల ఏకాగ్రత చెదిరిందంటే డైలాగ్ మాయమవుతుంది. చివర్లో అందరూ వరసగా వచ్చి వంగి నమస్కరించే కర్టెన్ కాల్ ఉంటుంది. అప్పుడు ఈల వేసినా, లేచి అరిచినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

ఇంటర్మిషన్: పదిహేను నిమిషాలే. షో మొత్తం రెండు, రెండున్నర గంటలు. బాత్రూమ్ వెళ్లాల్సినవాళ్లు లైట్లు వెలగగానే లేవాలి. కుకీలు తర్వాత.

ఆలస్యమైతే: తలుపు దగ్గరున్న వాలంటీర్ చెప్పేదాకా ఆగండి. పాట అయ్యాకో, సన్నివేశం మారేటప్పుడో వదులుతారు. మీ సీటు వెతుక్కోకుండా వెనకే ఎక్కడో ఒకచోట కూర్చుని, ఇంటర్మిషన్‌లో మారండి.

అయిపోయాక: పూలు లాబీలో ఇవ్వాలి. స్టేజి వెనక్కి వెళ్లొద్దు. మైకు విప్పి, మేకప్ తుడుచుకుని బయటికి రావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది.

తరచుగా చూసే పొరపాటు ఒకటుంది. సీట్ నంబర్లు లేని షోలో ఒకరు ముందొచ్చి, వరస మొత్తం మీద చున్నీలూ జాకెట్లూ పరిచి పన్నెండు సీట్లు ఆపడం. రెండు మూడు సీట్లయితే ఎవరూ ఏమనరు. అంతమంది వస్తుంటే అందరూ కలిసే రండి.

షోకి ముందు పిల్లలకి "గుడ్ లక్" చెప్పరు, నాటకాలవాళ్లకి అది అపశకునం. "బ్రేక్ ఎ లెగ్" అనాలి. ఈ సంగతి పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. మా మామయ్యగారు అది విని, "శుభమా అని స్టేజి ఎక్కుతుంటే కాలు విరగ్గొట్టుకోమంటారేంటి?" అని నిజంగానే కోప్పడ్డారు.

## 5. బ్యాండ్, ఆర్కెస్ట్రా, కోయిర్ (బృందగానం) కచేరీలు

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కండక్టర్ చేతులు.

ఒక రచనలో రెండు, మూడు భాగాలుండొచ్చు. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దం వస్తుంది. అది అయిపోయినట్టు కాదు. కండక్టర్ చేతులు పూర్తిగా కిందికి దించి, మనవైపు తిరిగాక చప్పట్లు. మొదటి ఏడాది నేను మొదటి భాగం అవగానే హాలు మొత్తంలో ఒక్కడినే ఘనంగా కొట్టాను. రెండో వరసలో వయొలిన్ పట్టుకున్న మా అమ్మాయి కళ్లు మాత్రమే తిప్పి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

సీటు ఎటువైపు? ఆర్కెస్ట్రాలో వయొలిన్లు మామూలుగా మన ఎడమవైపు, చెలోలు కుడివైపు ఉంటాయి. డ్రమ్స్ లాంటి తాళవాద్యాలు అన్నిటికన్నా వెనక. వాటిని చూడాలంటే దూరంగా, ఎత్తులో కూర్చోండి.

చిన్న తరగతుల బృందాలు ముందు, పెద్ద బృందం చివర వాయించడం రివాజు. మీవాళ్ల వంతు అవగానే లేచి వెళ్లిపోకండి. నైన్త్ గ్రేడ్ తల్లిదండ్రులంతా వెళ్లిపోతే చివరి బృందం సగం ఖాళీ కుర్చీలకి వాయించాల్సి వస్తుంది. చిన్నపిల్లలుంటే వరస చివరి సీటు తీసుకోండి, ఏడుపు మొదలైతే పాటల మధ్యలో బయటికి వెళ్లొచ్చు.

## 6. ఆర్ట్ షో

సులువైనది ఇదే. ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఎప్పుడైనా రావొచ్చు. బొమ్మల్ని తాకొద్దు, ఇతర పిల్లల బొమ్మల ఫొటోలు తీసి పోస్ట్ చేయొద్దు. పక్కన అంటించిన చిన్న కాగితం మీద పిల్లలు ఆ బొమ్మ గురించి రాసింది తప్పక చదవండి. ఇంట్లో మనకి చెప్పని మాటలు అక్కడ ఉంటాయి.

## 7. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్

హైస్కూల్ ఆట ఏడు ఇన్నింగ్స్. గడియారం లేదు, రెండు గంటలు అనుకుని వెళ్లండి. చాలా రాష్ట్రాల్లో ఐదు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే ఆట ముగించేస్తారు.

క్రికెట్ చూసి పెరిగిన కళ్లకి మూడు తేడాలు చాలు:

- బ్యాట్‌కి తగిలి కీపర్ వెనక్కి వెళ్లిన బంతికి పరుగుల్లేవు, అది ఫౌల్
- కొట్టిన బంతి లోపలి గీతల మధ్య నేల మీద పడితే బ్యాటర్ పరుగెత్తి తీరాలి, ఆగుదాం అనేది లేదు
- ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది, పదిమంది కాదు

కూర్చోవడం: వల వెనక. వల లేనిచోట కూర్చుంటే ప్రతి బంతికీ కళ్లు అటే ఉండాలి. కారుని బ్యాటర్ వెనకవైపు, గ్రౌండ్‌కి దగ్గరగా ఆపకండి. ఫౌల్ బంతికి విండ్‌షీల్డ్ పగిలితే ఖర్చు మీదే.

నోరు: కేకలు వేయొచ్చు, పేరు పెట్టి పిలవొచ్చు. అంపైర్‌ని తిట్టొద్దు, గ్రౌండ్ నుంచి పంపించేస్తారు. డగౌట్ దగ్గరికి వెళ్లి పిల్లలకి సలహాలు చెప్పొద్దు. నీళ్లసీసా ఇవ్వాలన్నా కోచ్‌ని అడిగే ఇవ్వండి.

## 8. టెన్నిస్

ఇక్కడ నోరు పూర్తిగా కట్టేసుకోవాలి. ఎక్కువ మ్యాచ్‌లలో అంపైర్ ఉండడు. బంతి లోపల పడిందా, బయట పడిందా అన్నది ఆడే పిల్లలే చెప్పుకుంటారు. మీకు ఎంత స్పష్టంగా కనిపించినా "ఔట్" అనకూడదు.

పాయింట్ అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు. ఎదుటివాళ్లు డబుల్ ఫాల్ట్ చేస్తే, అంటే వరసగా రెండు సర్వ్‌లు తప్పితే, మాత్రం కొట్టకూడదు. కోర్టు వెనక నడవాలంటే ఆటగాళ్లు వైపులు మారేదాకా ఆగండి.

కంచె ఇవతల నుంచి తెలుగులో "బ్యాక్‌హ్యాండ్‌కి వెయ్యి నాన్నా" అనడం కూడా కోచింగే. ఎవరికీ అర్థం కాదులే అనుకుంటాం. కానీ మీరేదో చెప్పారని, మీవాడు తలూపాడని అందరికీ కనిపిస్తుంది. మ్యాచ్ మధ్యలో ఎవరో వచ్చి ఫిర్యాదు చేస్తే తలదించుకునేది వాడే.

## 9. ట్రాక్ మీట్

తల్లిదండ్రుల ఓపికకి అసలు పరీక్ష ఇదే. నాలుగైదు గంటలు కూర్చుంటే మీవాళ్లు పరుగెత్తేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు తప్పిపోకుండా చూసుకోవడమే పనంతా.

మెట్టు 1: వరస తెలుసుకోండి. చాలా మీట్‌లు 4×800 రిలేతో మొదలై 4×400 రిలేతో ముగుస్తాయి. మధ్యలో తరచుగా కనిపించే వరస: తక్కువ దూరం హర్డిల్స్ (అడ్డంకుల మీదుగా దూకే పరుగు), 100, 1600, 4×100, 400, 300 హర్డిల్స్, 800, 200, 3200 మీటర్లు. లాంగ్ జంప్, షాట్‌పుట్ లాంటివి అదే సమయంలో పక్కన నడుస్తుంటాయి.

మెట్టు 2: గడియారాన్ని నమ్మకండి. ఎక్కువ మీట్‌లలో ఒకటి అవగానే తర్వాతది మొదలుపెడతారు. అనుకున్నదానికన్నా ముందే అయిపోవచ్చు కూడా. మైకులో ఫస్ట్ కాల్, సెకండ్ కాల్, ఫైనల్ కాల్ అని పిలుస్తారు. మీవాళ్ల పోటీకి సెకండ్ కాల్ వినిపించిందంటే ఇక లేవొద్దు.

ఇది నేను నేర్చుకున్న తీరు చెబుతాను. మా అబ్బాయి 800 మీటర్లు. ఇంకా టైముంది కదా అని నాచోస్ కోసం లైన్లో నిలబడ్డాను. నా ముందు ఇద్దరు. పరుగు మొదలుపెట్టే తుపాకీ చప్పుడు విని, ఎవరో అనుకున్నాను. ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి వాడు గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ బ్లీచర్ల వైపు చూస్తున్నాడు. నా సీటు వైపే.

మెట్టు 3: హీట్ షీట్ చదవండి. అందరూ ఒకేసారి పరుగెత్తలేరు కాబట్టి గుంపులుగా విడగొడతారు, ఒక్కో గుంపు ఒక హీట్. అందులో మీవాళ్ల పేరు ఎదురుగా హీట్ నంబర్, లేన్ నంబర్ ఉంటాయి. "హీట్ 3, లేన్ 6" అని అరచేతి మీద రాసుకోండి. ఒకే రంగు జెర్సీల్లో దూరం నుంచి పిల్లలంతా ఒక్కలాగే కనిపిస్తారు.

మెట్టు 4: చోటు చూసుకోండి. 100, 200 మీటర్లకి ముగింపు గీత పక్కన. 400, 800లకి చివరి మలుపు దగ్గర. కాళ్లు బరువెక్కేది అక్కడే, మీ గొంతు పనికొచ్చేదీ అక్కడే. గడ్డి లోపలికి వెళ్లొద్దు. ఫోన్ పట్టుకుని పిల్లల పక్కనే పరుగెత్తొద్దు, దానికి వాళ్లని పోటీ నుంచి తప్పించగలరు.

మెట్టు 5: స్టార్ట్ దగ్గర నిశ్శబ్దం. "సెట్" అన్నాక తుపాకీ పేలేదాకా ఊపిరి బిగబట్టండి. హైస్కూల్ నిబంధనల్లో ఒక్క ఫాల్స్ స్టార్ట్‌తోనే ఔట్. మీ కేకకి ఉలిక్కిపడి ఎవరైనా కదిలితే మూడు నెలల ప్రాక్టీస్ పోతుంది. తుపాకీ పేలాక మాత్రం గొంతు చించుకోండి.

మెట్టు 6: తొందరపడి అభినందించకండి, ఓదార్చకండి. హీట్‌లో మొదటి స్థానం అంటే మొత్తంలో మొదటి స్థానం కాదు. అన్ని హీట్‌ల టైములూ కలిపి చూస్తారు. గట్టివాళ్లున్న హీట్‌లో ఆరో స్థానంలో వచ్చినవాడు మొత్తం మీద కూడా ఆరోవాడే కావొచ్చు. "ఎన్నో స్థానం?" అనడం కన్నా "పీఆర్ వచ్చిందా?" అని అడగండి. పీఆర్ అంటే తన పాత టైములన్నిటికన్నా మెరుగైంది. పిల్లలు లెక్కపెట్టుకునేది అదే.

విసిరే పోటీల దగ్గర జాగ్రత్త. అబ్బాయిల డిస్కస్ 1.6 కిలోలు, అమ్మాయిలది 1 కిలో. షాట్‌పుట్ గుండు అబ్బాయిలకి 12 పౌండ్లు, అమ్మాయిలకి 4 కిలోలు. తాడు కట్టిన గీత ఇవతలే ఉండండి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

## 10. వాన, ఉరుములు

వానకి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ వాయిదా పడతాయి. ట్రాక్ చాలావరకు సన్నటి వానలో కూడా సాగుతుంది. నిర్ణయం తరచుగా మధ్యాహ్నమే తీసుకుంటారు, బయల్దేరేముందు కోచ్ గ్రూప్ చూడండి.

ఉరుము వినిపించినా, మెరుపు కనిపించినా ఆట ఆపేస్తారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకో ఉరుము వస్తే ఆ 30 నిమిషాలు మళ్లీ మొదటి నుంచి. ఆ సమయంలో కారులోనో, భవనంలోనో ఉండండి. చెట్టు కింద, బ్లీచర్ల కింద, డగౌట్‌లో నిలబడటం రక్షణ కాదు.

## 11. అమ్మమ్మ, తాతయ్యలతో వెళ్లేటప్పుడు

- మ్యాటినీ షో ఎంచుకోండి, రాత్రి పదింటికి చలిలో పార్కింగ్‌లో నడిచే పని ఉండదు
- మెట్లు ఎక్కలేనివారికి వీల్‌చైర్ వరస సీట్లు ఉంటాయి, టికెట్ కొనేటప్పుడే అడగండి
- ముందు వాళ్లని తలుపు దగ్గర దింపి, తర్వాత పార్క్ చేయండి
- బ్లీచర్లకి వెన్ను ఆనించుకునే వీలుండదు, వెన్ను ఉన్న మడత సీటు కొనిపెట్టుకోండి
- స్కూల్ నడిచే వేళల్లో కార్యక్రమం అయితే గుర్తింపు కార్డు అడుగుతారు, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి
- ఆటకి ముందు జాతీయగీతం వస్తుంది, లేచి టోపీ తీసి నిలబడతారని చెప్పి ఉంచండి

ఇండియాలో ఉన్నవాళ్లకి చూపించాలంటే, చాలా స్కూళ్ల ఆటలు హైస్కూల్ పోటీలు ప్రసారం చేసే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నెట్‌వర్క్‌లో చందా కట్టి ప్రత్యక్షంగా చూడొచ్చు. గడియారం మారాక న్యూయార్క్ సాయంత్రం 7 అంటే మనకి మర్నాడు తెల్లవారుజాము 4:30, కాలిఫోర్నియా సాయంత్రం 7 అంటే ఉదయం 7:30. మ్యూజికల్‌ని మాత్రం మీ ఫోన్‌లో వీడియో కాల్ చేసి చూపించొద్దు. అదీ రికార్డింగ్ లాంటిదే.

## 12. ఇంటికి తిరిగి రావడం

అవే మ్యాచ్‌కి పిల్లలు జట్టు బస్సులో వెళ్తారు, బస్సులోనే రావాలి. మీ కారులో తీసుకెళ్లాలంటే కోచ్ దగ్గర సంతకం పెట్టాలి. వేరే పిల్లాడి అమ్మ తీసుకొస్తానంటే చాలా స్కూళ్లలో ముందురోజే ఫారం ఇవ్వాలి. గ్రౌండ్‌లో చేసే ఫోన్ కాల్ చాలదు.

"మావాణ్ణి ఎందుకు ఆడించలేదు?" అన్న ప్రశ్న ఆ సాయంత్రం కోచ్‌ని అడగొద్దు. చాలా స్కూళ్లలో 24 గంటలు ఆగాలన్న నియమమే ఉంది. ముందు పిల్లలే వెళ్లి మాట్లాడాలి.

కారులో మొదటి పది నిమిషాలు విశ్లేషణ వద్దు. ఆకలేస్తోందా అని అడగండి. వాళ్లే మొదలుపెడతారు, పెట్టకపోతే ఆ రోజుకి అంతే.

మ్యూజికల్ చివరి షో రోజు ఇంకో సంగతి ఉంటుంది. షో అవగానే "స్ట్రైక్" అని పిల్లలంతా కలిసి సెట్ మొత్తం విప్పేస్తారు. రెండు, మూడు గంటలు పడుతుంది, నటించినవాళ్లు కూడా ఉండాల్సిందే. పార్కింగ్‌లో కారు ఆన్ చేసుకుని కూర్చోకండి. ఎన్నింటికి అవుతుందో ముందే అడిగి, ఇంటికెళ్లి మళ్లీ రండి. ఆ రాత్రికి బంధువులతో రెస్టారెంట్‌లో టేబుల్ మాత్రం బుక్ చేయొద్దు. మీవాళ్లు సెట్ ముక్కల మధ్య కూర్చుని పిజ్జా తిని వస్తారు.